తలుపు మీద ‘రేపు రా’

తొంభైల్లో తెలుగు పల్లెల్లో, పట్నం శివారు బస్తీల్లో చాలా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. సుద్దతో కొందరు, బొగ్గుతో కొందరు, ఓపికున్నవాళ్లు ఎర్ర రంగుతో రాసుకునేవాళ్లు. రాత్రిపూట ఒక దయ్యం వచ్చి తలుపు తడుతుందని, ఈ రాత చూసి "సరే, రేపొద్దాం" అనుకుని వెళ్లిపోతుందని నమ్మకం. మర్నాడు వచ్చినా అదే రాత ఉంటుంది కాబట్టి మళ్లీ వెనక్కే. దయ్యానికి చదువొచ్చు గానీ తేదీ చూసే అలవాటు లేదన్నమాట.

దయ్యాల సంగతేమో గానీ ఈ ఎత్తు మనుషుల కోరికల మీద మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పాట నేర్చుకోవాలి, అన్నతో మాటలు కలపాలి, ఈ ఉద్యోగం వదిలి సొంతంగా ఏదైనా పెట్టుకోవాలి, అమ్మని ఒక్కసారి కాశీ తీసుకెళ్లాలి. ఇవి తలుపు తట్టినప్పుడల్లా లోపల్నుంచి ఒకటే జవాబు. ఈ ప్రాజెక్టు అవ్వనీ. పిల్ల ఇంటర్ అయిపోనీ. హోమ్ లోన్ తీరనీ. రిటైరయ్యాక తీరిగ్గా చూద్దాం.

కాలం తక్కువ, భయపడకుండా నిండుగా బతకాలి అనే మాట ఎవరికీ కొత్త కాదు. రోజూ పొద్దున్నే సూర్యోదయం బొమ్మతో సహా వాట్సాప్‌లో వస్తూనే ఉంటుంది. అది చదివి బతుకు మార్చుకున్నవాళ్ల కంటే ఇంకో గ్రూపుకి పంపినవాళ్లే ఎక్కువ. అందరికీ తెలిసిన ఈ సంగతి ఎవరి మీదా ఎందుకు పనిచేయదన్నది ఆలోచించాల్సిన విషయం.

తెలియకపోవడం అయితే కాదు. చావుకి తెలుగులో ఉన్న మాటలే అందుకు సాక్ష్యం. పెద్దవాళ్లు పోతే "కాలం చేశారు" అంటాం. యముడికి కాలుడని ఇంకో పేరు. లారీ కింద పడబోయి బతికి బయటపడ్డవాణ్ని చూసి "భూమ్మీద ఇంకా నూకలున్నాయి" అంటాం, పోయినవాడికి నూకలు చెల్లాయంటాం. ఆయుష్షుని నూకల్లో కొలుచుకున్న భాష ఇది. సంచిలో ఎన్ని మిగిలాయో కనపడకపోవడమే చిక్కు. భారతంలో యక్షుడు అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం ఏమిటని అడిగితే, రోజూ జనం పోవడం కళ్లారా చూస్తూ కూడా మిగిలినవాళ్లు తాము ఉండిపోతామనుకోవడమే అన్నాడు ధర్మరాజు.

భర్తృహరి ఏకంగా పద్దు రాసి చూపించాడు. మనిషికి నూరేళ్లే అనుకున్నా సగం రాత్రులకు పోతుంది. మిగిలిన సగంలో సగం బాల్యానికీ ముసలితనానికీ. ఆ ఉన్న కాస్తా రోగాలకీ ఎడబాట్లకీ కొలువులకీ. ఈ పద్దుని ఇప్పటి హైదరాబాద్‌కి తిరగరాసుకుంటే జమ వైపు పరిస్థితి మెరుగే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడది 70కి చేరింది. డెబ్భై ఏళ్లంటే సుమారు 25,500 రోజులు. ఖర్చు వైపు చూస్తేనే గుండె జారుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు అనుకుందాం. రానూపోనూ రెండున్నర గంటలు, వారానికి అయిదు రోజులు, ఏడాదికి 48 వారాలు. మొత్తం 600 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి 25 రోజులు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో 750 రోజులు. రెండేళ్లకు పైగా బతుకు ముందున్న కారు వెనక అద్దం చూస్తూ గడిచిపోతుంది.

ఇంకో పద్దు ఉంది, ఇది వేసుకోవడానికి చాలామందికి మనసొప్పదు. సూర్యాపేటలోనో ఖమ్మంలోనో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి సంక్రాంతికీ, దసరాకీ, ఇంకో రెండు ఫంక్షన్లకీ వెళ్లొచ్చేవాళ్లు ఏడాదికి పన్నెండు రోజులు వాళ్లతో గడిపితే గొప్ప. వాళ్లు ఇంకో పదేళ్లు ఉంటారనుకున్నా కలిసి ఉండేది 120 రోజులు. పదేళ్లుందిలే అనుకుంటున్నది లెక్క తేలిస్తే నాలుగు నెలలు. పండగ ముందు రోజు పంతంగి టోల్ గేటు దగ్గర ఆగిపోయిన కార్లలో ఆ నాలుగు నెలల్లోంచే కొన్ని గంటలు కరిగిపోతుంటాయి.

ఇంత లెక్క తెలిశాక మనిషి మారాలి కదా? మారడు. అందుకే పెద్దలు దీనికి శ్మశాన వైరాగ్యం అని పేరు కూడా పెట్టి ఉంచారు. ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం దీనికి తోబుట్టువులు. మూడింటికీ ఆయుష్షు తక్కువ. జూబ్లీహిల్స్‌లో మహాప్రస్థానం అనే శ్మశానం బయట కాసేపు నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. చితి దగ్గర ఉన్నంతసేపూ "ఏముందన్నా, ఈ ఉరుకులాటంతా దేనికి చెప్పు" అన్న మనిషి, కాళ్లూ చేతులూ కడుక్కుని పార్కింగ్ దాకా వచ్చేలోపు రెండు మిస్డ్ కాల్స్‌కి తిరిగి ఫోన్ చేస్తాడు. కారు డోరు తీసేసరికి "మూడింటికి కాల్‌లో ఉంటా, స్లైడ్స్ పంపించు" అంటుంటాడు. తల తడి ఇంకా ఆరి ఉండదు. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం తిరిగిన ఇళ్లలో ఎన్ని ఒట్లు పెట్టుకున్నారో. ఏడాది రెండేళ్లకి అవన్నీ ఎక్కడివక్కడే.

దీన్ని మనుషుల చేతకానితనం అనడం న్యాయం కాదు. చావు ఆలోచనని మనసు ఎక్కువసేపు పట్టుకోలేదు, పట్టుకుంటే ముద్ద దిగదు. గ్రీన్‌బర్గ్, సాలమన్, పిజిన్‌స్కీ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వవేత్తలు 1986లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు. చావు గుర్తొస్తే మనిషి ధైర్యం తెచ్చుకుని కొత్త దారి పట్టడు, తన నమ్మకాల్నీ తనవాళ్లనీ ఇంకా గట్టిగా పట్టుకుంటాడని దాని సారం. ఈ కోవలోని ఒక ప్రయోగాన్ని ఆ తర్వాత చాలా ల్యాబ్‌లు కలిసి మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు, కాబట్టి ఇదేమీ వేదవాక్కు కాదు. అయినా "రేపే పోతావని అనుకో, ధైర్యం అదే వస్తుంది" అనే సలహా మీద అనుమానపడటానికి శ్మశానం పార్కింగ్ ఒక్కటి చాలు.

మరి పనిచేసేదేమిటి? గడువు. అమెరికా వీసా స్టాంప్ అయిన కుర్రాణ్ని ఎవర్నైనా గమనించండి. ఉప్పల్‌లో పుట్టి పెరిగాడు, చార్మినార్ ఎక్కింది మాత్రం స్కూల్ ట్రిప్‌లో ఒక్కసారే. ఫ్లైటుకి పది రోజులుందనగా మొదలవుతుంది. రాత్రిపూట స్నేహితులతో చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో గొడవపడి మాటలు మానేసినవాడికి ఫోన్. నానమ్మ పక్కన కూర్చుని, ఆమె రజాకార్ల రోజుల ముచ్చట నాలుగోసారి చెబుతుంటే మొదటిసారి విన్నట్టు వినడం. హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. వాటిని బాత్రూమ్ తూకం మీద పెట్టి, ఇరవై మూడు కిలోలు దాటితే గోంగూర పచ్చడి తీయాలా చలికోటు తీయాలా అని అమ్మతో పోట్లాట. ఇంట్లో నాన్న అన్నాళ్లలో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి శంషాబాద్ దారిలో, అదీ కారు నడుపుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పేస్తాడు.

ఆ పది రోజులూ ఆ ఇల్లు బతికినంత నిండుగా అంతకుముందు నాలుగేళ్లు బతికి ఉండదు. చార్మినార్ 1591 నుంచీ అక్కడే ఉంది. నానమ్మ పక్క గదిలోనే ఉంది. కొత్తగా వచ్చిందల్లా టికెట్ మీద ఒక తేదీ.

స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్స్‌టెన్సెన్ ఏళ్ల తరబడి చదివింది సరిగ్గా ఈ మార్పునే. ముందు చాలా కాలం ఉందనిపిస్తే జనం కొత్త పరిచయాల వెనక, సమాచారం వెనక పడతారు. కాలం దగ్గరపడిందనిపిస్తే మనసుకి దగ్గరైనవాళ్ల వైపు తిరుగుతారు. ఇది ముసలితనంతో వచ్చే గుణం అనుకునేవాళ్లు ఒకప్పుడు. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లే ముందు అక్కడి జనాన్ని అడిగి చూస్తే, అప్పగింత తేదీ ముంచుకొచ్చినప్పుడు కుర్రవాళ్లు కూడా పెద్దవాళ్లలాగే దగ్గరివాళ్లని కోరుకున్నారు. అంటే ఇక్కడ వయసు కంటే ఎంత కాలం మిగిలిందన్న లెక్క ముఖ్యం.

ఇంకో ప్రయోగం చిన్నదే గానీ చాలా చెబుతుంది. సుజాన్ షు, అయలెట్ గ్నీజీ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ప్రచురించారు. కొందరికి ఒక బేకరీ కూపన్ మూడు వారాల గడువుతో ఇచ్చారు, ఇంకొందరికి రెండు నెలల గడువుతో. తప్పకుండా వాడుకుంటామని ముందు ఎక్కువగా అన్నది రెండు నెలలవాళ్లే. తీరా చూస్తే మూడు వారాలవాళ్లలో 31 శాతం మంది వెళ్లి తిన్నారు, రెండు నెలలవాళ్లలో 6 శాతమే. కష్టమైన పనులే కాదు, ఇష్టమైనవి కూడా వాయిదా పడతాయి. రాజస్థాన్ నుంచి రెండు రోజులకి వచ్చిన కుటుంబం గోల్కొండ ఎక్కి, సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం గంటలు కొట్టేదాకా నిలబడి చూసి పోతుంది. మెహిదీపట్నంలో పుట్టినవాడు రోజూ గోల్కొండ బస్సు పక్కనుంచే పోతూ ఇరవై ఏళ్లు ఊరుకుంటాడు. ఊళ్లోనే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు.

కాలం జారిపోవడంలో ఇంకో మెలిక ఉంది. మెట్రో నిన్నగాక మొన్న మొదలైనట్టుంటుంది, అది 2017 నవంబరు. మధ్యలో ఏళ్లు ఏమయ్యాయి? డేవిడ్ ఈగిల్‌మన్ అనే న్యూరోసైంటిస్టు 2007లో ఒక పని చేశాడు. 31 మీటర్ల ఎత్తు నుంచి మనుషుల్ని వెనక్కి వదిలేసి కింద వలలో పడేలా చేశాడు. పడ్డవాళ్లని అడిగితే, ఇతరులు పడటానికి పట్టిన సమయం కంటే తాము పడటానికి మూడో వంతుకు పైగా ఎక్కువ పట్టిందన్నారు. నిజానికి ఆ క్షణంలో వాళ్ల కళ్లు ఏమీ ఎక్కువ వేగంగా చూడలేదు. ఆ రెండు మూడు సెకన్ల జ్ఞాపకం దట్టంగా పడింది, అంతే. వెనక్కి తిరిగి చూస్తే దట్టమైన జ్ఞాపకం పొడవుగా కనిపిస్తుంది. అదే రూటు, అదే క్యాబిన్, అదే క్యాంటీన్ సాంబారు అయితే మెదడు దాచుకోవడానికేమీ ఉండదు, అయిదేళ్లు అయిదు నెలల్లా ముడుచుకుపోతాయి. ఏళ్లు పెంచుకోవడం మన చేతిలో లేకపోయినా గడిచిన ఏడాది ఎంత పొడుగ్గా గుర్తుండాలన్నది కొంత చేతిలోనే ఉందన్నమాట.

రేపుందిలే అన్న ధీమా ఒక అడ్డంకి. రెండోది నలుగురు. "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాట ఆపినన్ని పనులు పోలీసులు కూడా ఆపి ఉండరు. కాలనీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఆరింటికి కనపడే దృశ్యం ఒకటి. నలభై అయిదేళ్లావిడ స్కూటీ నేర్చుకుంటూ ఉంటుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రెండు కాళ్లూ నేలకి ఆనించి, హ్యాండిల్ బిగపట్టి. వెనక కొడుకు క్యారియర్ పట్టుకుని "బ్రేక్, అమ్మా బ్రేక్" అని అరుస్తుంటాడు. నిన్నటిదాకా "ఈ వయసులో ఎందుకు, నేను క్యాబ్ బుక్ చేస్తా కదా" అన్నవాడే. ఆవిడ కళ్లు ముందుకి చూడకుండా వాకింగ్ చేస్తున్న నలుగురి మీదే ఉంటాయి. వాళ్లు చూస్తున్నారేమోనని. వాళ్లేమో షుగర్ ఎంతుంది, మోకాళ్లకి ఏ డాక్టరు మంచివాడు అన్న చర్చలో ఉంటారు.

ఇది ఊహ కాదు, కొలిచి చూసిందే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం విద్యార్థులకి సిగ్గనిపించే టీషర్టు తొడిగి నలుగురున్న గదిలోకి పంపింది. సగం మందైనా గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు. అదే గిలోవిచ్ 1994లో విక్టోరియా మెడ్వెక్‌తో కలిసి పశ్చాత్తాపం మీద ఇంకో సంగతి తేల్చాడు. దగ్గరి రోజుల్లో మనిషిని తినేసేది చేసి చెడగొట్టుకున్న పని. జీవితం మొత్తం తిరిగి చూసుకున్నప్పుడు ఎక్కువగా బాధపెట్టేది అసలు చేయని పని. కారణం ఊహించడం కష్టం కాదు. దెబ్బతిన్న పనికి మనసు ఏదో సర్దుబాటు వెతుక్కుంటుంది, "పోనీలే, బుద్ధొచ్చింది" అనుకుంటుంది. చేయని పనికి ముగింపు ఉండదు. పెట్టని టిఫిన్ సెంటర్ ఎప్పటికీ నష్టాల్లోకి పోదు, దాని దోసె ఎప్పటికీ కరకరలాడుతూనే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పి "కాబట్టి నలుగురి గురించి పట్టించుకోకండి" అనేస్తే మోసం అవుతుంది. ఆ నలుగురు ఉత్త ప్రేక్షకులు కారు. టు-లెట్ బోర్డు కింద "ఫ్యామిలీస్ ఓన్లీ" అని రాయించేది వాళ్లే. విడాకులు తీసుకుని ఒంటరిగా ఇల్లు వెతుక్కునే ఆడమనిషికి నలుగురి మాట ఖరీదు నెల అద్దెలోనే తెలిసిపోతుంది. రాత్రి పదకొండుకి షిఫ్టు దిగి చీకటి సందులో నడిచే అమ్మాయి భయం మానసిక బలహీనత కాదు, వీధి దీపం లేకపోవడం. హైదరాబాద్‌లో 2014లో ఆడవాళ్ల రక్షణకి షీ టీమ్స్ అనే పోలీసు బృందాల్ని పెట్టాల్సి వచ్చింది అలాంటి భయాలకి కారణాలు ఉన్నందుకే. కారు ఈఎంఐ కట్టాల్సిన క్యాబ్ డ్రైవర్‌కి "నచ్చింది చెయ్, బ్రో" అన్న సలహా ఇచ్చేవాడి బ్యాంకు ఖాతా ఒకసారి చూడాలి. నిర్భయం అందరికీ ఒకే రేటుకి దొరకదు. ఈ సంగతి దాచిపెట్టి ధైర్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువే, టికెట్ కూడా పెడతారు.

ఇంకో వైపు పొరపాటు కూడా ఉంది. బతికేది ఒక్కసారే అంటూ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద అర్ధరాత్రి హెల్మెట్ లేకుండా బైకు తోలడం ధైర్యం కింద చెల్లదు. భయం పనికిమాలినదైతే శరీరం దాన్ని ఇన్ని లక్షల ఏళ్లు మోసుకురాదు. మెదడులో అమిగ్డాలా అనే భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఒక అమెరికన్ మహిళని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశీలించారు. వైద్య గ్రంథాల్లో ఆమె ఎస్.ఎం. అనే రెండక్షరాలతోనే కనిపిస్తుంది. పాముల్ని చూసినా, దయ్యాల కొంపలో తిప్పినా ఆమెకి భయం వేయదు. వినడానికి వరంలా ఉంది గానీ, ప్రమాదాన్ని పసిగట్టలేక ఆమె చాలాసార్లు దుండగుల చేతిలో పడింది. కత్తితో, తుపాకీతో బెదిరించినవాళ్లున్నారు. నిజంగా భయం లేని మనిషి బతుకు అలా ఉంటుంది.

భయం ఉండగానే పని జరిగిన తీరు చూడాలంటే హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లు పోతే చాలు. భువనగిరి కోట ఉన్న ఆ ఏకశిల మీదే నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ తాడు పట్టుకోవడం నేర్చుకుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పిల్ల, పుట్టి బుద్ధెరిగాక కొండెక్కిన అనుభవం లేదు. ముందు భువనగిరి రాయి, తర్వాత డార్జిలింగ్‌లో మంచు మీద శిక్షణ, ఆ తర్వాత టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు. 2014 మే 25న శిఖరం చేరేనాటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె కథని వేదికల మీద ‘భయం తెలియని బాలిక’ అని చెబుతుంటారు గానీ, అందులో పనికొచ్చే ముక్క అది కాదు. మొదటి రోజే ఎవరెస్టు చూపించి ఎక్కమనలేదు. తట్టుకోగలిగినంత భయం ఒక మోతాదు, అది అలవాటయ్యాక ఇంకో మోతాదు. ఫోబియాలకి మానసిక వైద్యులు చేసే చికిత్స కూడా ఇదే పద్ధతి. స్కూటీ నేర్చుకునే ఆవిడ కూడా మొదటి రోజే ఎల్బీనగర్ చౌరస్తాలోకి వెళ్లదు. ముందు గ్రౌండ్, తర్వాత కాలనీ రోడ్డు, ఆ తర్వాత కూరగాయల మార్కెట్ దాకా.

ఇంత చర్చలోనూ మిగిలిపోయే భయం ఒకటుంది, మాట భయం. "నాకేమన్నా అయితే" అని ఇంటిపెద్ద మొదలుపెట్టగానే "శుభమా అంటూ అవేం మాటలు" అని నోరు నొక్కేస్తారు. బీమా ఏజెంట్ కూడా "జరగరానిది జరిగితే" అని తల దించుకుని చెబుతాడు, జరగక తప్పనిది అదొక్కటే అయినా. కోలుకోలేని జబ్బులో తనకి వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. అప్పట్లో దానికి మెజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. 2023 జనవరిలో ఆ షరతు సడలించి నోటరీయో గెజిటెడ్ ఆఫీసరో చాలన్నారు. వీలునామాకైతే అదీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. అరపూట పని. ఫ్లాటు కాగితాలు, లాకరు తాళం, బ్యాంకు నామినీ పేర్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, భార్యకో కొడుక్కో చూపించి, ఆ మధ్యాహ్నం అందరూ కలిసి బయట భోంచేసి వచ్చిన ఇళ్లున్నాయి. చాలా ఇళ్లలో మాత్రం ఆ ఫైలు ఇంకా కొనలేదు, వచ్చే నెల్లో చూద్దామనుకుంటున్నారు. సంతకానికి సాక్షులు ఇద్దరు చాలు, నలుగురు అక్కర్లేదు.